కాటా చీటీ

గుత్తిలో గుంతకల్లు రోడ్డు చీలే మలుపు కాడ మా కాటా.
ఎనిమిదేండ్లుగా లారీల బరువు రాస్తాండా.
ఖాళీ బండి ఎంత, లోడు బండి ఎంత,
తీసేస్తే సరుకెంత.
నాకొచ్చిన లెక్క అంతే.

బండి కాటా ఎక్కితే
నా బల్ల మీద టీలో మీగడ వణుకుతుంది.
ఆ వణుకు చూసి చెప్తా
వచ్చింది నాపరాయా, చీనీకాయా అని.
రాయి ఒక్క దెబ్బకు కూచుంటుంది.
చీనీకాయ సర్దుకోని సర్దుకోని కూచుంటుంది,
పెండ్లి బస్సులో అవ్వ మాదిరి.

మొన్న శనివారం రాత్రి
గాలిమర రెక్క ఒకటి మా మలుపులో ఇరుక్కునింది.
ఉరవకొండ దిక్కు పోవాల్సిన రెక్క,
మా వీధంత పొడుగు.
గాలికి తిరగాల్సింది
రోడ్డుకు తిరగలేకపోయింది.

ముందు హారన్లు. తర్వాత తిట్లు.
తర్వాత ఒక్కో ఇంజనూ ఆగతా వచ్చింది,
ఆగిన కొద్దీ చీకటి దగ్గరికి జరిగింది.
పామిడి దాకా బండ్లేనంట.
కార్లోళ్ళు కొందరు కందిచేలో దోవ చేసుకోబోయి
అక్కడ కూడా ఇరుక్కున్నారు.
"ఈ లారీలు లేకుంటే దేశం బాగుపడు" అన్నాడొకాయన
మా రేకుల కొట్టం ముందర నిలబడి,
నీళ్ళ బాటిలు మూత తిప్పుకుంటా.
ఆ బాటిలు దిక్కు చూసినా నేను.
అది నడిచొచ్చినాదా సామీ, అని నోటిదాకా వచ్చింది.
అడగలేదు. నాకూ తిట్లు తినే ఓపిక లేదారోజు.

రెక్కబండి తోలే పిల్లోడికి ఇరవై రెండుంటాయేమో.
ఏ భాషో, ఏ ఊరో.
స్టీరింగు మీద తలపెట్టి ఏడుస్తున్నాడు.
డోన్ మద్దిలేటి పోయి తలుపు మీద అరచేత్తో కొట్టినాడు.
ఒక దెబ్బకు ఆపు,
రెండు దెబ్బలకు రా,
వరసగా కొడితే వచ్చేయ్ వచ్చేయ్ వచ్చేయ్.
ఆ భాష మాత్రం పిల్లోడికి వచ్చు.
మద్దిలేటి బండిలో చీనీకాయలు.
తెల్లారితే హైదరాబాదులో దిగాల.
ఆలస్యమైతే కాయ మెత్తబడుతుంది,
రేటు మెత్తబడుతుంది,
షావుకారు మాత్రం గట్టిపడతాడు.
అయినా టార్చిలైటు పట్టుకోని
రెక్క కొసాకు నడిచినాడు, వెనక్కొచ్చినాడు,
మళ్ళీ నడిచినాడు.

వెనక చక్రాలకు మూరెడు చోటు తక్కువ.
అక్కడ కాలవ గుంత.

అప్పుడు కుళ్ళాయప్ప తన బండి తాడు విప్పినాడు.
తాడిపత్రి నాపరాళ్ళు,
గంట ముందే నేను తూచి చీటీ ఇచ్చిన లోడు.
ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు.
బండ తర్వాత బండ దించి
గుంతలో పరిచినాడు.
మొదటి బండ పగిలింది, రెండోది పగిలింది.
ఏడో వరసకు నిలబడినాయి.
మద్దిలేటి అరచెయ్యి రేకు మీద మోగతానే ఉంది.
రెక్క మెల్లగా,
పురిటి మంచం మలుపుకున్నట్టు
మలుపు దాటింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
బాటిలాయన అందరికంటే ముందు పోయినాడు.

పొద్దు పొడిచేటప్పుడు కుళ్ళాయప్ప బండి మళ్ళీ కాటా ఎక్కింది.
ఆరువందల ఇరవై కిలోలు తక్కువ.
"ఓనరు నా బాడుగలో పట్టుకుంటాడు లేమ్మా,
నువ్వు ఉన్నది రాయి" అన్నాడు,
చేతులు లుంగీకి తుడుచుకుంటా.
రాసినా.
చీటీ తిప్పి వెనక కూడా రాసినా,
ఎనిమిదేండ్లలో మొదటిసారి అంకెలు కాని మాటలు:
ఇరవై బండలు రోడ్డు తినింది. ఈ మనిషి తినలేదు.
కాటా నాగవేణి, అని సంతకం.
ఓనరు చదివినాడో, చించినాడో.

పది కిలోల లోపు ఏదీ మా కాటాకు కనపడదు.
మద్దిలేటి వాచిన అరచెయ్యి,
సీటు కింద చల్లారిన సద్ది గిన్నె,
నాలుగు రాత్రుల నిద్ర,
అన్నీ సున్నాలోనే పోతాయి.

గుంతలో ఆ బండలు ఇంకా ఉన్నాయి.
బడి పిల్లోళ్ళు వాటి మీదే దాటుతున్నారు.
టీ తెచ్చుకున్నా.
ఏదో వస్తాంది,
మీగడ అప్పుడే వణుకుతాంది.