ఎక్కడిదో చెప్పు

గురువారం సంత ఎత్తేశాక
గుణుపురంలో సింహాద్రి స్టూడియో షట్టరు
సగం దించి కూర్చుంటాం.
బల్ల మీద ఒక ఫొటో, దాని మీద లైటు.
మొహాలుండకూడదు, గుడి ఉండకూడదు,
మైలురాయి ఉంటే వేలితో మూసెయ్యాలి.
ఓడినవాళ్ళు మిరపకాయ బజ్జీలు తేవాలి.

కూర్మారావు గారు ముప్పయ్యేళ్ళు ఉత్తరాలు మోసిన మనిషి,
దారుల్ని మోకాళ్ళతో గుర్తుపడతారు.
"ఈ ఎక్కుడు నా ఎడం మోకాలికి తెల్సు,
పుట్టాసింగి పైది."
హైమవతి సిస్టరు నీడలు చూస్తుంది.
"పొద్దు ఇటు వాలింది, గడ్డి అటు వాలింది,
గాలి ఇంత మొండిగా తోసేది మహేంద్రగిరి మీదే."
నేను రంగుల్ని నమ్మి ఓడిపోతుంటాను.
వలిసెపూల పసుపు చూసి సెరంగో అన్నాను ఓసారి.
"కార్తీకంలో వలిసెలు లేని కొండేదర్రా!" అని
బజ్జీల డబ్బులు నా చేతే పెట్టించారు.

సొంబరా గొమాంగో మాత్రం
ఫొటోని తలకిందులుగా తిప్పి చూస్తాడు.
ఎందుకని అడిగితే నవ్వి ఊరుకునేవాడు.
ఒక్కసారి అన్నాడు:
"ఊటకాడ ఒంగి తాగినోడికి
కొండ ఇలాగే అవుపడతాది."

చోటు దొరికాక దాన్ని పంచుకోవాలి, అదీ ఆట.
పేరొక్కటే చాలదు.
ఏ బస్సు, ఎక్కడ దిగాలి,
కుక్క ఉన్న ఇల్లు దాటాక కుడా ఎడమా,
జోరీగలు ఏ నెలలో,
నీళ్ళ కోసం ఏ రాయి కింద చెయ్యి పెట్టాలి.
అలా నా నోటుబుక్కులో
నేనెక్కని ఇరవై కొండలున్నాయి.

మొన్న మాఘంలో లోకనాథం పాత్రుడు పోయాడు,
రేంజి ఆఫీసు గుమస్తా.
మాలో అందరికన్నా పిసినారి.
అందరి కొండలూ రాసుకునేవాడు,
తనది అడిగితే "ఉందిలే ఒకటి" అనేవాడు.
ట్రంకు పెట్టెలో దొరికిన రీలు
ఆయన భార్య జేబురుమాల్లో చుట్టి తెచ్చింది.
సింహాద్రి ఆఖరి సీసా మందు కలిపాడు,
గడువు దాటి ఆరేళ్ళైన మందు.
ముప్పయ్యారులో ముప్పయ్యైదు పొగ.
ఒక్కటి తేలింది.

పలకరాయి. దాని మీద ఆరేసిన చొక్కా.
వెనక జీలుగు చెట్టు, అడ్డాకు తీగ,
ఇంకా వెనక
నీళ్ళో, మంచో, మందు మరకో.

నాలుగు గురువారాలు.
కూర్మారావు గారి మోకాళ్ళు నోరెత్తలేదు.
సిస్టరు నీడ కొలుద్దామంటే చొక్కాకి నీడే లేదు.
సొంబరా తిప్పి చూశాడు.
చూసి, బజ్జీ నమలడం ఆపాడు.
నేను చూశాను అది.
మళ్ళీ నమిలి మింగి, "తెల్దు" అన్నాడు.

అప్పట్నించి ఆదివారాలు వెతుకుతున్నాం.
తోవ చూపేది సొంబరాయే.
"ఇక్కడేమో" అంటాడు.
తీరా ఎక్కితే
పలకరాయి ఉన్నచోట జీలుగు ఉండదు,
జీలుగు ఉన్నచోట నీటి చెమ్మే ఉండదు.
కూర్మారావు గారు తిట్టి తిట్టి మరమరాల పొట్లం విప్పుతారు,
సిస్టరు బూట్లు విప్పి బొబ్బలు లెక్కపెడుతుంది,
పదిహేనేళ్ళుగా చీకటిగదిలో బతికిన సింహాద్రి
కొండచీపుర్ల మధ్య కళ్ళు చిట్లించి నిలబడి
తను చెడగొట్టిన పెళ్ళి ఫొటోల కథలు చెప్తాడు.
లోకనాథం బతికున్నప్పుడు
మేం ఒక్క కొండయినా కలిసి ఎక్కలేదు.

నిన్న దిగుతూ, కావాలనే వెనకబడి అడిగాను:
"నీకు తెల్సు కదూ?"
సొంబరా జవాబివ్వలేదు.
అడ్డాకు తెంపి, దొప్ప కుట్టి,
ఊటలో ముంచి నా చేతిలో పెట్టాడు.
ఒంగాను.
దొప్పలో కొండ తలకిందులుగా వణికింది,
తాగేశాను.

"ఇంకా పదకొండు కొండలున్నాయి" అన్నాడు.

వచ్చే ఆదివారం పద్మపూర్ బస్సు, అయిదున్నరకి.
బజ్జీలు నా వంతు.