ఒక్క పన్ను

నరసన్నపేట బైపాస్ పక్క షెడ్డులో
జాకీ మీద నా పదిహేడేళ్ల ఏసెంట్.
వారం నుంచి ఆరని పసుపు దీపం.

"బ్రేకులకేటీ కానేదు బాబూ,
బండికి అనుమానం" అన్నాడు తవిటినాయుడు.

సెన్సారుకి తీగలు తగిలించి
చక్రాలు చేత్తో తిప్పాడు ఒక్కోటీ.
వెనక ఎడమదాని దగ్గర
మీటరు ముల్లు
చుట్టుకోసారి ఉలిక్కిపడింది.

కళింగపట్నం ఉప్పుగాలి
రింగులో నలభై ఎనిమిది పళ్లకి
ఒకటి తినేసింది.

"ఆ సందు కాడికొచ్చేసరికి
సక్రం ఆగిపోనాదనుకుంటాది,
తిరుగుతున్నా సరే."

కొత్త రింగు సోమవారానికి.
ఫ్యూజు పీకి నా జేబులో వేశాడు.
"అందాకా నీ కాలే కంప్యూటరు."

మడపాం వంతెన మీద చినుకులు.
ముందు లారీ.
పెడల్ మీద బొటనవేలు
కొత్తగా డ్రైవింగ్ నేర్చుకుంటోంది.