ఊదుగొట్టం

మా వైపు ఇది పొయ్యి దగ్గర ఉండే వస్తువు.
ఇక్కడ, గ్లాసప్ ఊరి పైన కొండ మీద,
దీనితో నీళ్ళు వెతుకుతాను.

నేలలోకి దింపిన ప్లాస్టిక్ బావిలో
సన్నటి గొట్టం జారవిడుస్తూ ఊదుతూ ఉండాలి.
ఊపిరి ఉత్త గాలిలో కలిసినంతసేపూ ఏ చప్పుడూ ఉండదు.
ఎక్కడో ఒకచోట గుబుక్ మంటుంది.
అక్కడ ఆగి, వేలితో గుర్తు పట్టుకుని, పైకి తీసి చదవాలి.
ఇరవై ఏడు సెంటీమీటర్లు.
ఈ వానలో పెన్నులు రాయవు, పెన్సిలే దిక్కు.
ఇది పద్నాలుగో బావి. ఇంకా నలభై ఆరు.

కాళ్ళ కింద నల్లగా ఉన్నది మట్టి కాదు,
కుళ్ళడం మధ్యలో మానేసిన నాచు, వేల ఏళ్ళది.
పీట్ అంటారు. ఎండితే అంటుకుంటుంది.
తడిగా ఉంచడమే నా ఉద్యోగం, నా చదువు కూడా.
పత్తి మిల్లుల పొగ తాగి తాగి
నాచు చచ్చిపోయిన ఈ కొండ మీద
ఇప్పుడు విరగబూసేది, చూడండి, పత్తిలాంటి గడ్డి.

నాకు ఇద్దరు గైడ్లు.
హెస్టర్ ఆలరెన్‌షా గారికి నీటిమట్టం కావాలి,
దశాంశ స్థానాలతో సహా.
ఫరీద్ మలిక్ గారికి మనుషుల మాటలు కావాలి,
మధ్యలో దగ్గులతో సహా.
పునరుద్ధరణ అని నేను రాసిన ప్రతిచోటా
ఒకరు "ఎంత లోతుకు?" అని రాస్తారు,
ఇంకొకరు "ఏ ఏటికి?" అని.
ఆ రెండు ప్రశ్నల మధ్య ఖాళీలోనే
నాకు నెలనెలా జీతం పడుతుంది.

నలభై రెండు నెలల జీతం.
పీట్ పెరిగేది, అన్నీ కలిసొస్తే, ఏడాదికొక మిల్లీమీటరు.
అంటే నా డాక్టరేటు మొత్తం మూడున్నర మిల్లీమీటర్లు.
నా గోరు నెలలో అంత పెరుగుతుంది.

వాల్ట్ బ్యాగ్‌షాకి ఎనభై ఒకటి. గొర్రెలున్నాయి.
"డాక్టరువటగా, దీని కాలు చూడు" అన్నాడు మొదటిరోజు.
"ఇంకా అవలేదండీ."
"సరే, ఆ సంగతి గొర్రెకి చెప్పు."

రికార్డర్ నొక్కాక చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత ఒక్క గుక్కలో చెప్పాడు:
"అరవై ఏడులో మా నాన్నా నేనూ తవ్వాం ఈ కాలవలన్నీ.
నీళ్ళు పోతే మేత వస్తుందని
గజానికింత అని సర్కారు గ్రాంటు ఇచ్చింది.
ఆ డబ్బుతోనే మొదటి ట్రాక్టర్.
ఇప్పుడు అదే సర్కారు పూడ్చమని నీకిస్తోంది.
తీసుకో, తప్పులేదు. మేమూ తీసుకున్నాం."

బాధగా ఉందా అనేది నా తొమ్మిదో ప్రశ్న.
అడగబోతుంటే ఆయనే అడిగాడు,
"తిన్నగా ఉందా లేదా, చెప్పు?"
చూశాను. అరమైలు పొడవునా
దారం పట్టి కొట్టినట్టుంది కాలవ.
నా ఫారంలో దాని పేరు నష్టం, వర్గం మూడు.
తిన్నదనానికి గడి లేదు.

రెండో శీతాకాలం, రాళ్ళ కట్టలు వేశాక,
ఏమీ పని లేనట్టు నా వెనకే నడిచొచ్చాడు.
పద్నాలుగో బావి దగ్గర చేయి చాచాడు.
గొట్టం ఇచ్చాను.
పాత ఛాతీ, పొడి దగ్గు, మళ్ళీ ఊదాడు.
గుబుక్.
"ఎంత?"
"పదకొండు."
నీళ్ళు పదహారు సెంటీమీటర్లు పైకొచ్చాయి.
నేను గంతేసేదాన్నే.
ఆయన గొట్టం కొస కోటుకి తుడిచి ఇస్తూ
"మా నాన్న ఊరుకోడు" అన్నాడు.
నవ్వాడో లేదో పొగమంచులో తెలియలేదు.

కొలిచినవారు అనే గడిలో వా.బ్యా. అని రాశాను.
ఎవరని హెస్టర్ గారు అడుగుతారు.
ఫరీద్ గారు దగ్గు ఎందుకు రాయలేదని అడుగుతారు.
అడగనీ.
పెన్సిల్ మొన విరిగింది, వాన తగ్గలేదు,
పదిహేనో బావి ఎటో ఆయనే చూపిస్తున్నాడు,
తప్పు దిక్కుకి.