పెండింగ్

నెల్లిమర్ల మిల్లులో టైమాఫీసు గోడకి
పదిహేడు వందల మేకులు.
ఒక్కో మేకుకి ఒక్కో ఇత్తడి బిళ్ల వేలాడేది.
మొన్న శుక్రవారం బిళ్లలన్నీ గోనెలో పోసి తూకానికి పంపారు.
మేకులు మిగిలాయి.

నా పని
బైండు ఊడిన మస్టరు పుస్తకాల్లోంచి మనుషుల్ని
కంప్యూటర్లోకి దించడం.
రోజుకి అరవై మంది. తలకి పదకొండు రూపాయలు,
అదీ ఏజెన్సీ వాడు కోసుకోగా.
ఇంతమందిని ఎక్కించిన ఈ సిస్టంలో
నా పేరు లేదు. నేను వెండరు కిందికొస్తానట.

చంపావతి మీంచి వచ్చే గాలికి
జనపనార నూగు కీబోర్డు మీద వాలుతుంది.
ఊదుతాను. కొడతాను. మళ్లీ ఊదుతాను.

ఇంటిపేరు తప్పనిసరి.
పుట్టిన తేదీ తప్పనిసరి.
"గాలివాన ఏడు, మావిడికాయల రోజులు" అంటే తీసుకోదు.
జులై ఒకటి వేస్తాను.
ఇప్పటికి నాలుగొందల ముప్పై మంది
జులై ఒకటినే పుట్టారు మా మిల్లులో.

టోకెన్ 1146 దగ్గర ఎర్రగీత వచ్చింది.
మస్టరులో లెంక అసిరినాయుడు.
ఆధార్‌లో లెంక తవిటినాయుడు.
కబురు పెడితే మగ్గాల ఖాతా నుంచి వచ్చాడు,
చెవుల్లో దూది తీసుకుంటూ.

"అసిరి మాయన్న, తల్లీ.
కామెర్లొచ్చి పోయాడు. దినాలైన మర్నాడు
మేస్త్రీ పిలిచి, బిళ్ల ఖాళీగుంది నువ్వొచ్చీ,
పేరెవుడడుగుతాడు అన్నాడు.
ఇరవై రెండేళ్లయింది.
ఎవుడూ అడగనేదు. నువ్వే."

ఇంటికాడ తవుడు, గేటు దాటితే అసిరి.
అన్న పేరున జీతం, అన్న పేరున బోనసు,
సమ్మె ఏడు అన్న పేరున చార్జిషీటు.
ఓసారి గేటు బయట పెళ్లాం "తవుడూ" అని కేకేస్తే
ఎవర్నో అనుకుని సైకిలెక్కి వెళ్లిపోయాడట.

సిస్టం మర్యాదగానే లెక్క చెప్పింది:
అసిరి అయితే రెండేళ్ల కిందటే రిటైరయ్యాడు.
తవుడు అయితే ఈ ఉదయమే చేరాడు.
మధ్యలో నేసిన గోనెలు ఎవరివో
దానికి గడి లేదు.

మెర్జ్ నొక్కి చూశాను.
ఏ రికార్డు ఉంచాలి, ఏది చెరపాలి అంది.
చదివి వినిపించాను.
చాలాసేపు తెర వంకే చూసి, నవ్వాడు.

"అన్నకీ నాకూ మజ్జిన ముగ్గురు పోనారు.
నాను పుట్టగానే మాయమ్మ
పక్కింటోలకి శేరు తవుడికి అమ్మీసి
మల్లీ కొనుక్కుంది, సావు నన్ను పోల్చుకోకుండా.
రేపో శేరు తవుడు తెత్తాను.
నీ మిషను తీసుకుంటాదేటి?"

తీసుకోదు అన్నాను.
అంత గట్టిగా అనకుండా ఉండాల్సింది.

స్టేటస్ గడిలో బాణం నొక్కితే మాటలు జారాయి:
యాక్టివ్, రిజైన్డ్, రిటైర్డ్,
అబ్‌స్కాండెడ్, డిసీజ్డ్.
అట్టడుగున, ఎవరూ దిగని మెట్టు మీద
పెండింగ్.
అది పెట్టాను.
ముప్పై రోజులు ఆగుతుందట.
ఆ తర్వాత తనంతట తనే తేల్చేసుకుంటుంది.

వెళ్తూ గేటు దగ్గర కొత్త మిషను మీద వేలు పెట్టాడు.
రెండుసార్లు కాదంది. మూడోసారి
ఒక ఆడగొంతు థాంక్యూ అంది,
ఎవరికో చెప్పకుండా.

బీ షిఫ్టు సైరన్ మోగాక
గోడ మీద 1146 వెతికాను.
మేకు కింద సున్నంలో
ఇత్తడి ఊగి ఊగి గీసిన నల్లటి వంపు.
అందులో అన్న ఊగినవి ఎన్నో, తమ్ముడివి ఎన్నో,
వేలితో తడిమినా తెలియలేదు.

ఇవాళ యాభై తొమ్మిదే ఎక్కాయి.
ఒకటి తక్కువ.
పదకొండు రూపాయలు కోస్తారు.