పద్నాలుగో బోరు

ఇరవై ఎనిమిది మీటర్ల దాకా రాయి మాట్లాడింది.
మీగడ తెలుపు, నడుమ నడుమ గవ్వల చార,
సున్నం యాభై రెండు శాతం.
కోర్ ముక్కల్ని పెట్టెల్లో పడుకోబెట్టి
జనువారియు పెన్సిలుతో లోతులు రాస్తున్నాడు.
బౌకావు పీఠభూమి మీద ఎండ. కింద, దూరంగా, సముద్రం.

ఇరవై తొమ్మిదో మీటరు దగ్గర రాడ్డు జారింది,
చేతిలోంచి చేద జారినట్టు.
పోసిన నీళ్ళు తిరిగి పైకి రాలేదు.
మూడు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు: ఏమీ లేదు.
"ఖాళీ" అని రాసి తేదీ వేశాను.

రాత్రి డేరాలో కొండని తెరమీద పెట్టెలుగా కోశాను.
ఇరవై ఐదు, ఇరవై ఐదు, ఎత్తు పది.
ఒక్కోటీ పదహారు వేల రెండొందల యాభై టన్నులు.
దగ్గరి బోరు మాటకు బరువెక్కువ,
దూరం జరిగేకొద్దీ సాక్ష్యం పలచబడుతుంది.
తగువు తీర్చే పద్ధతే ఇది కూడా.
కొలిచిన రాయికి ఒక రంగు, ఊహించిన రాయికి ఒకటి,
ఆశపడ్డ రాయికి మరొకటి.
ఖాళీకి ఏ రంగూ ఇవ్వలేదెవరూ.
పదమూడూ పదిహేనూ చెరో పక్కనించి సాయం పట్టి
దాన్ని పూడ్చేశాయి.
చూస్తూ ఊరుకున్నాను.

పొద్దున్నే ఒలాండినా వచ్చింది, వక్కతో ఎర్రబడ్డ నోరు,
మనవరాలి భుజమ్మీద చెయ్యి.
బోరు మూతికి చెవి ఆనించి చాలాసేపు వంగే ఉంది.

"పదకొండు నెలలు."
మనవరాలు తర్జుమా చేసింది.
"విమానాల చప్పుడు పోయేదాకా లోపలే.
చుక్క పడే చోట కొబ్బరి చిప్ప పెట్టేవాళ్ళం.
తొమ్మిది చిప్పలు నిండితే తెల్లారినట్టు.
ఆ లెక్క నాది."

ఎంత వెడల్పు ఉండేది, అనడిగాను.
సిగ్గేసింది. అడగాల్సిందీ అదే.

ఆమె కళ్ళు మూసుకుంది.
గడ్డిమీద పడమటికి నలభై అడుగులు,
ఒకచోట, అంత ఆకాశం కింద,
తల తగులుతుందని నడుం వంచి మరో పదమూడు.
జనువారియు వెనకాలే మేకులు కొట్టుకుంటూ పోయాడు.

నాలుగు పెట్టెలు పక్కన పెట్టాను.
అరవై ఐదు వేల టన్నులు.
గొయ్యి అంచు అక్కడ మెలిక తిరిగింది.
కంపెనీ అడుగుతుంది, మెలిక ఎందుకని.

"ఆధారం" అన్న గడిలో బోరు నంబరు రాయాలి.
ఆమె పేరు కొట్టాను.
ఇరుకు గడి.
"ఒలాండి" దాకానే పట్టింది.