వచ్చింది, వచ్చారు

పట్టాళం కమ్యూనిటీ హాల్లో గురువారం సాయంత్రాలు
తొమ్మిదిమంది ఆడవాళ్ళకి ఇంగ్లీషు చెబుతాను.
మెట్రో స్టేషన్లలో నేల తుడిచే కాంట్రాక్టు వాళ్ళది.
కొత్త సూపర్‌వైజరు ఒడిశా మనిషి, తమిళం రాదు, తెలుగు రాదు,
అందుకని వీళ్ళకి ఇంగ్లీషు రావాలట.

ఆ వేళ రేకుల మీద ఒకటే మోత.
బోర్డు మీద రాశాను: ఇట్ ఈజ్ రెయినింగ్.
పెంచలమ్మ చెయ్యెత్తింది. ఇంకా ఫినాయిలు వాసనేస్తున్న చెయ్యి.
"ఇట్టంటే ఎవురు టీచరా?
వానా?"
కాదు.
"మబ్బా?"
కాదు.
"దేవుడా?" అంది హెప్సీబా, ఆశగా.
ఎవరూ కాదన్నాను.
మొదటి కుర్చీ ఖాళీగా ఉంటే ఇంగ్లీషు వాక్యం ఓర్చుకోదు,
ఎవరూ లేనప్పుడు ఇట్ వచ్చి కూర్చుంటుంది.
వేళెంత? ఇట్. ఉక్కపోతా? ఇట్.
ఇక్కణ్ణించి ఎగ్మూరు ఎంత దూరం? ఇట్.
"పాపం, పనంతా దాందే" అంది మస్తానమ్మ.
"జీతమన్నా ఇస్తారా?"

అంత పొట్టి మాటకీ ఓ గతం ఉంది, చెప్పాను.
మొదట్లో దాని పేరు హిట్.
వాడగా వాడగా చీపురుకి పుల్ల రాలినట్టు
ముందున్న హ రాలిపోయింది.
నాలుగొందల ఏళ్ళ కిందటి దాకా
'దానిది' అనడానికి దానికి సొంతమాట లేదు,
మగవాడి హిజ్‌తోనే సర్దుకుంది.
"మా ఇంటి కరెంటు బిల్లు మాదిరి" అన్నారు వెనక ఎవరో.

తర్వాత పెంచలమ్మ లేచి వాక్యం చెప్పింది:
మై డాటర్ గో బ్యాంక్ జాబ్. ఇట్ కమ్ సిక్స్ ఓక్లాక్.
దిద్దాను. మనిషిని ఇట్ అనకూడదు, షీ అనాలి.
ఇట్ కుర్చీకి, కుక్కకి, బకెట్టుకి.
ఆమె కూర్చోలేదు.
"మరి మనకి?
కుక్క వచ్చింది. బస్సు వచ్చింది. నా కూతురు వచ్చింది.
మొగుడొస్తే మాత్రం వచ్చాడు."

ఎమ్మేలో ఈ గీత మీద పన్నెండు మార్కుల ప్రశ్న రాశాను.
ఒక పక్క మగవాడు, రెండో పక్క తక్కిన సృష్టి.
పదకొండు వచ్చాయి.
ఆ రెండో పక్కన నేనూ నుంచున్నానని
పరీక్ష హాల్లో ఒక్కసారీ తట్టలేదు.

"అరవంలో అట్ట కాదు" అంది మస్తానమ్మ.
"పక్కింటి సెల్వి వస్తే వందా,
దాని మేక వస్తే వందుచ్చు."
'దాని' అన్నందుకు తనే నాలిక్కరుచుకుంది.
"మరి కలెక్టరమ్మ వస్తే?"
వచ్చారు, అన్నాను.
"ఒక్కర్తే గదా వచ్చింది?"
ఒక్కర్తే. మర్యాదకి పదిమందిగా లెక్క.
"మాకు ఆ లెక్క లేదు గదా" అని కూర్చుంది.

కాసేపు వానే మాట్లాడింది.
అప్పుడు హెప్సీబా, ఎప్పుడూ పుస్తకంలోంచి తలెత్తని పిల్ల,
"నేనూ చెంగమ్మక్కా కలిసొస్తే?" అంది.
వచ్చారు.
"రెండు బకెట్లు?"
వచ్చాయి.
"రెండు మేకలు?"
వచ్చాయి.
ఇంక ఏమీ అడగలేదు. పెన్సిలు చెక్కుకుంది.

గేటు దగ్గర వాచ్‌మన్ కుప్పయ్యకి ఓ అలవాటు,
ఎవరు లోపలికొచ్చినా నాకు కేకేసి చెబుతాడు.
మస్తానమ్మ వచ్చింది. చెంగమ్మ వచ్చింది.
బయట మాట్లాడేటప్పుడు నన్నూ అంతే, టీచరు వచ్చింది.

పై గురువారం ఆరుంబావయినా కేక లేదు.
కిటికీలోంచి చూస్తే
ఎదురుగా టీకొట్టు పట్టా కింద ఏడుగురు,
తడిసిన చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ.
ఇద్దరు ఇంకా రావాలి.
కుప్పయ్య రమ్మని చెయ్యూపుతున్నాడు.
ఎవరూ కదల్లేదు.

సుద్దముక్క బల్ల మీద పెట్టి
నేనూ గొడుగు తీసుకుని రోడ్డు దాటాను.