దురద

గాజుగదిలో కూర్చుని మూడు రోజులుగా
ఒకరి గొంతును మరొకరి చెవిలో పోస్తున్నాను.
నా సొంత మాటంటూ ఒక్కటీ మిగల్లేదు,
మంచినీళ్లు అడగడానికి తప్ప.

త్బిలిసిలో ఒకప్పుడు సైనికుల కోట్లు కుట్టిన ఫ్యాక్టరీ ఇది.
మిషన్లు పీకేసిన గుంతలు నేలమీద అలాగే ఉన్నాయి.
వాటిల్లో కుర్చీల కాళ్లు దిగబడి
వాస్తుశిల్పులు కాస్త పక్కకి ఒరిగి వింటున్నారు.

పొద్దున ఒక గణితజ్ఞురాలు
పావడా కుచ్చిళ్లను సమీకరణంగా విప్పింది.
వంతెనలు కట్టే నుక్రి
సాలీడుకి తాను బాకీ అన్నాడు.
డిజైన్, డిజైన్, డిజైన్.
మొదటిరోజు దాన్ని ‘గీత’ అన్నాను,
రెండోరోజు ‘ఉపాయం’ అన్నాను,
ఇవాళ అలిసిపోయి డిజైన్ అనే వదిలేశాను.
ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

భోజనాలయ్యాక, సగం హాలు కునుకులో ఉండగా
ఎతేరి లేచింది.
కుతాయిసిలో కృత్రిమ చేతులు చేస్తుంది.
స్లైడ్లు లేవు. సంచిలోంచి ఒక చెయ్యి తీసి
బల్లమీద, నీళ్లగ్లాసు పక్కన పెట్టింది.

"చియతురా గనిలో పనివాడు, త్సోత్నె.
అయిదు వేళ్లూ వంగేలా చేసిచ్చాను.
గుడ్డు పగలకుండా పట్టుకుంటాడు,
గుండీలు పెట్టుకోవడం నేర్చాడు.
నెలకి తిరిగొచ్చాడు.
బాగుందమ్మా, కానీ దురద పెడుతోంది, అన్నాడు.
ఎక్కడ? అన్నాను.
గాల్లో చూపించాడు,
మోచేతికి జానెడు కింద, ఏమీ లేని చోట.
అక్కడ గోక్కోడానికి ఏమైనా చెయ్యగలవా, అని."

కూర్చుంది. అంతే ప్రసంగం.

నేను ఆగిపోయాను.
ఆ మాట అటువైపు చేరేసరికి రెండుగా చీలుతుంది:
ఒకటి చర్మం దురద,
ఒకటి పని లేక ఊరుకోలేని చేతుల దురద.
హెడ్‌ఫోన్లలో నా నిశ్శబ్దం విని
తలలన్నీ గాజువైపు తిరిగాయి.
చర్మానిదే వాడాను.

ప్రశ్నలు మొదలయ్యాయి. ఒకాయన సెన్సార్లన్నాడు.
నాట్యం చేసే ఆవిడ అద్దం పెట్టి చూడమంది.
కుచ్చిళ్ల గణితజ్ఞురాలు మాత్రం
ఎడమ ముంజేతిని గోక్కుంటూ ఉండిపోయింది,
తనకే తెలీకుండా.
తర్వాత ఆమె పక్కాయన. తర్వాత నుక్రి.
ఆవలింతలా పాకింది వరసల వెంట.
సెన్సార్లాయన కూడా, మాట మధ్యలో.
నేను చేతులు తొడల కింద పెట్టుకున్నాను.

కాఫీ వేళ తలుపు తట్టింది ఎతేరి.
"ఏ మాట వాడావు?"
చెప్పాను.
కాసేపు ఆలోచించి,
"వెళ్లాక త్సోత్నెనే అడుగుతాను" అంది,
చేతిని ఉన్నిశాలువాలో చుడుతూ,
బొటనవేలు మాత్రం
బయటికి ఉండేలా.